తోడుకొని వచ్చినవాడు

యోహాను సువార్త మొదటి అధ్యాయంలో యేసు శిష్యుడైన అంద్రెయ చేసిన పని ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. మెస్సీయ దొరికాడని సహోదరుడైన సీమోనుకు చెప్పి, "యేసునొద్దకు అతని తోడుకొని వచ్చెను". ఆ సీమోనే పేతురయ్యాడు, సంఘానికి బండ అయ్యాడు. తోడుకొని వచ్చినవాడు మాత్రం ఆ తరువాత కూడా 'సీమోను పేతురు సహోదరుడు'గానే మిగిలాడు.

ఆయన ఆ పని మానలేదు. ఐదువేల మంది ఆకలితో కూర్చున్న చోట, రొట్టెలూ చేపలూ ఉన్న చిన్నవాడిని చూపించింది అంద్రెయే. ఇంతమందికి ఇవి ఏ మూలకు అన్న సందేహం ఆయనకూ ఉంది. అయినా ఉన్నదేదో ప్రభువు ముందు పెట్టాడు. యేసును చూడాలని వచ్చిన గ్రీసు దేశస్థుల మాటను తోటి శిష్యుడు ఫిలిప్పు తెచ్చి ముందుగా చెప్పింది కూడా ఆయనకే. సువార్తల్లో ఆయన కనిపించేది కొద్దిచోట్లే. ఆ కొద్దిచోట్లలో మూడుసార్లు ఎవరినో ఒకరిని ప్రభువు దగ్గరకు చేర్చాడు.

ఆయన ఎముకలు ఇప్పుడు ఇటలీలో, నేపుల్స్‌కు దక్షిణాన ఉన్న అమాల్ఫీ అనే చిన్న రేవు పట్టణంలో ఉన్నాయి. ఆ తీరంలో కొండలు తిన్నగా సముద్రంలోకి దిగుతాయి. వాలంతా మెట్లు మెట్లుగా నిమ్మతోటలు, వాటి మధ్యలో గుడి గోపురాలు. 1997లో యునెస్కో ఆ తీరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందం కోసం వెళ్లేవారే ఎక్కువ, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ గుడుల్లో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తలుచుకుంటే, నాకు మళ్లీ ఆ మాటే వినిపిస్తుంది: తోడుకొని వచ్చెను.

అమాల్ఫీ కతీడ్రల్‌కు ఎత్తైన మెట్ల వరుస ఎక్కి వెళ్లాలి. పైన కంచు తలుపులు. 11వ శతాబ్దంలో, 1066కు ముందే, వాటిని ఇప్పటి ఇస్తాంబుల్ అయిన కాన్‌స్టాంటినోపుల్‌లో పోత పోయించి ఓడలో తెచ్చారు. ఖర్చు భరించినవాడు పాంతలియోనే అనే అమాల్ఫీ ధనికుడు. తలుపు మధ్యలో నాలుగు పలకల మీద నలుగురు ఉన్నారు: క్రీస్తు, మరియమ్మ, పేతురు, అంద్రెయ. అన్నదమ్ములిద్దరూ ఇక్కడ సరిసమానంగా నిలబడ్డారు. అంద్రెయ ఎముకలు ఈ ఊరికి చేరింది 1208లో. అంటే తలుపు మీద ఆయన రూపం దాదాపు నూట యాభై ఏళ్లు ముందే వచ్చి కాచుకుని ఉంది.

ఎముకలు వచ్చిన తీరు మాత్రం చెప్పుకోవడానికి బాధగానే ఉంటుంది. నాల్గవ క్రూసేడు (సిలువ యుద్ధం) సైన్యం 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకుంది. సిలువ గుర్తు ధరించినవారే సాటి క్రైస్తవుల నగరాన్ని కొల్లగొట్టారు. ఆ దండయాత్రకు పోపు ప్రతినిధిగా వెళ్లిన కార్డినల్ పియెత్రో కాపువానో అమాల్ఫీ బిడ్డ. అపొస్తలుని అవశేషాలను అక్కడినుంచి తన ఊరికి చేర్చింది ఆయనే. ఆ సమాధి ముందు మోకరించేవారు ఈ సంగతి మరచిపోకూడదని నా నమ్మకం. జీవితమంతా మనుషులను ప్రేమతో తోడుకొని వచ్చినవాణ్ని ఒక దోపిడీ వెనుక తీసుకువచ్చారు. ఆయన ఎదుట ప్రార్థించేటప్పుడు ఆ నగరం కోసం కూడా ఒక్క మాట ప్రార్థించాలి.

సమాధి నేలమాళిగలో ఉంది. అక్కడ ఏడు శతాబ్దాలుగా కొనసాగుతున్న ఒక ఆచారం ఉంది. అంద్రెయ పండుగ ముందురోజు సమాధిలో ఉంచిన చిన్న గాజు పాత్రను తీసి చూస్తారు. అందులో ఒక ద్రవం ఊరుతుంది. దానిని వారు మన్నా అంటారు. ఒక్కోసారి ఊరుతుంది, ఒక్కోసారి ఊరదు. ఆ పాత్రను పైకి తీసే ఆ క్షణం నా మనసును కదిలిస్తుంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులు కూడా ఆకాశంనుంచి కురిసిన మన్నాను రేపటికి దాచుకోలేకపోయారు కదా. ఏ ఉదయానికా ఉదయం చేయి చాచవలసిందే.

పశ్చిమంగా పొసితానో అనే ఊరు ఉంది. అక్కడి శాంతా మరియా అస్సుంతా గుడి గోపురం మీద పసుపు, ఆకుపచ్చ పెంకులు ఎండకు మెరుస్తాయి. లోపల నల్లని మరియమ్మ చిత్రపటం. దానిని తీసుకువెళుతున్న ఓడ తుపానులో చిక్కుకున్నప్పుడు నావికులకు "పోజా, పోజా" అనే మాట వినిపించిందని అక్కడివారు చెప్పుకుంటారు. దించు, దించు అని అర్థం. దించారు, సముద్రం శాంతించింది, ఆ చోట గుడి వెలిసింది. ఆ కథలో మరియమ్మ తాను ఉండవలసిన చోటును తానే ఎంచుకుంది.

కొండ మీద రవెల్లో అనే ఊరి కతీడ్రల్‌లో 12వ శతాబ్దపు ప్రసంగ వేదిక ఒకటి ఉంది. దాని మీద రంగురాళ్లతో ప్రవక్త యోనా కథ కూర్చారు. ఒక పక్క సముద్రపు మృగం ఆయనను మింగుతోంది, మరో పక్క బయటికి వదులుతోంది. రానని పారిపోయినవాణ్ని కూడా దేవుడు చేపచేత మోయించి ఒడ్డుకు చేర్చాడు. అంద్రెయ పిలిచిన వెంటనే వల వదిలి వెళ్లాడు. యోనాను పట్టి తేవలసి వచ్చింది. నేను ఎక్కువసార్లు యోనా పక్షమే.

మళ్లీ అమాల్ఫీకి. నవంబరు 30న అంద్రెయ పండుగ అందరికీ తెలిసినదే. ఆ ఊరికి జూన్ 27న ఇంకొకటి ఉంది. 1544లో ఒట్టొమన్ నౌకాధిపతి బార్బరొస్సా నౌకాదళం ఊరి మీదికి వచ్చినప్పుడు తుపాను లేచి ఓడలను చెదరగొట్టింది. అది అంద్రెయ చేసిన మేలని వారి విశ్వాసం. ఆ రోజు ఆయన వెండి విగ్రహాన్ని భుజాల మీద మోస్తూ వీధుల గుండా సముద్రం వరకు తీసుకువెళ్తారు. తిరిగి కతీడ్రల్ ముందుకు వచ్చాక, మోసేవారు కింద ఒక్క క్షణం ఆగుతారు. తరువాత అంత బరువునూ ఎత్తుకుని, ఆ మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కేస్తారు. చుట్టూ జనం కేకలు, చప్పట్లు, పైన తెరిచి ఉన్న తలుపులు. సీమోనును తోడుకొని వచ్చినవాణ్ని ఆ ఊరివాళ్లు భుజాల మీద మోసుకుని, ఆయాసపడుతూ, ప్రభువు ఇంటికి తోడుకొని వస్తారు.