ఏ ఆనకట్ట రా?

ఏదైనా రాసే ముందు, చదివినవాళ్లకు ఏం తెలియాలో ఒక్క వాక్యంలో రాసుకుంటాను. మొన్న ప్రకాశం బ్యారేజీ గురించి రాసినప్పుడూ అంతే. అయినా తప్పు దొర్లింది.

ఒక రాత్రి పక్కన పెట్టి, పొద్దున్నే విజయవాడలో మా ఇంటి అరుగు మీద అమ్మకు పైకి చదివి వినిపించాను. మూడో పేరాలో ఆపింది.

"ఏ ఆనకట్ట రా? తెల్లదొరలు కట్టిందా, ఇప్పుడున్నదా?"

1855లో పూర్తయిన పాతదాన్నీ, 1957లో వచ్చిన బ్యారేజీనీ రెండింటినీ 'ఆనకట్ట' అనే రాశాను. నాకు తెలిసిన సంగతే కాబట్టి నాలుగుసార్లు చదివినా పట్టుకోలేకపోయాను. అమ్మకు ఒక్కసారి వినగానే తట్టింది!

పాతది ఆనకట్ట, కొత్తది బ్యారేజీ అని చివరిదాకా దిద్దాను. 'అది', 'దాని' అన్న చోటల్లా పేర్లే పెట్టాను. సంవత్సరాలకు పెన్సిల్‌తో సున్నాలు చుట్టి, ఒక్కొక్కటీ సరిచూస్తున్నాను.