జబ్బు తగ్గింది, వీసా రాలేదు

గాజువాకలో పైపు వెల్డర్‌ని నేను. పైపుని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించేస్తారు. దాన్ని తిప్పకూడదు, మనమే చుట్టూ తిరిగి అతుకు వేయాలి. సిక్స్ జీ టెస్టు అంటారు. గల్ఫ్ వాళ్లు చూసేది అదే. నా జాయింట్లకి ఎక్స్‌రే తీస్తే గాలి బుడగ కూడా కనపడేది కాదు. ఖతార్ ఇంటర్వ్యూ పాసయ్యాను, ఏజెంటుకి అడ్వాన్సు కట్టాం. అప్పు తీరాక మేడ మీద స్లాబు వేద్దామని మా ఆవిడా నేనూ పాప నోటుబుక్కులో లెక్క కూడా రాసుకున్నాం. తీరా హైదరాబాద్‌లో మెడికల్‌కి వెళ్తే నా ఛాతీ ఎక్స్‌రే ఫెయిలైంది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ. అన్‌ఫిట్.

పెదవాల్తేరు ఛాతీ ఆస్పత్రిలో కఫం పరీక్ష చేసి టీబీ అన్నారు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడటం, ప్యాంటు వదులైపోవడం ఎందుకో అప్పుడు తెలిసింది. దగ్గంటారా, మా పనిలో దగ్గనివాడెవడు?

మందులు ఉచితం. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తరవాత నాలుగు నెలలు మూడు మందులవి. ఎన్ని వేసుకోవాలో మన బరువుని బట్టి చెప్తారు. మూత్రం నారింజ రంగులో వస్తుందని సిస్టరుగారు ముందే చెప్పారు కాబట్టి బతికిపోయాను, లేకపోతే రక్తమనుకుందును. తిండి కోసం నెలకి 1000 రూపాయలు ప్రభుత్వం అకౌంట్లో వేసింది. ఇంట్లో వాళ్లకీ పరీక్షలు చేశారు. పాపకి ఏమీ లేదన్న రోజున స్తోత్రం అన్న మాట దానంతటదే నోట్లోంచి వచ్చింది.

మిగతా రోజుల్లో నా ప్రార్థన ఇలా ఉండేది: "ప్రభువా, నీ చిత్తమే జరగనీ. కాకపోతే వీసా గడువు దాటకముందే జరగనీ."

పలకరించడానికొచ్చిన ఒకావిడ, విశ్వాసముంటే మాత్రలెందుకు బాబూ అంది. నేను నోరు తెరిచేలోపే మా అమ్మ అందుకుంది: "హిజ్కియా రాజుకి 15 ఏళ్లు ఆయుష్షు పొడిగించిన దేవుడే యెషయా ప్రవక్త చేత పుండు మీద అంజూరపు పళ్ల ముద్ద కట్టించాడు కదమ్మా. యెషయాకి లేని విశ్వాసం నీకుందా?" కాఫీ ఇచ్చి మరీ పంపించింది.

మా చర్చి పాస్టరు అయ్యగారు వచ్చినప్పుడు వేరే సంగతి చెప్పారు. 1805లో లండన్ మిషన్ నుంచి క్రాన్, డెగ్రాంజెస్ అని ఇద్దరు మన విశాఖ వచ్చారట. సువార్తల్ని తెలుగులోకి తేవాలని కూర్చున్నారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో పోయారు. తెలుగు కొత్త నిబంధన అచ్చయింది 1818లో, ఇంకొకరి చేతి మీదుగా. నిజం చెప్పాలంటే అప్పుడు నాకది ఓదార్పుగా అనిపించలేదు. వాళ్లు మిషనరీలు, నాకు వడ్డీ పెరుగుతోంది.

నన్ను పట్టుకున్నది గెత్సేమనే, సిలువకి ముందు రాత్రి యేసు ప్రార్థన చేసిన తోట. "నా యిష్టము కాదు, నీ చిత్తమే" అన్నదే మనం ఎత్తి చూపిస్తాం. దానికి ముందు ఆయన అడిగాడు, ఈ గిన్నె తొలగించమని. మూడోసారీ ఆ మాటలే చెప్పి ప్రార్థన చేశాడని మత్తయి రాశాడు. అపొస్తలుడు పౌలు కూడా తన శరీరంలో ముల్లులాంటి బాధని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు. అడగడం అవిశ్వాసం కాదన్నమాట. అది అర్థమయ్యాక నేను భక్తిగా నటించడం మానేసి ఖతారే కావాలని గట్టిగా అడిగాను. రోజూ అడిగాను, పరగడుపున మాత్రలు మింగి, కడుపులో తిప్పుతుంటే గోడకి ఆనుకుని మరీ అడిగాను.

కోర్సు అయిపోయింది. కఫంలో ఏమీ లేదు, బరువు తిరిగొచ్చింది. ఏజెంటుకి ఫోన్ చేస్తే, తగ్గినా ఎక్స్‌రేలో పాత మచ్చ ఉంటే గల్ఫ్ వాళ్లు తీసుకోరన్నాడు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఆ రాత్రి ప్రార్థనలో ఖతార్ పేరు రాలేదు. ఇక్కడ ఏం చేయమంటావని మాత్రం అడిగాను. శాంతి వచ్చిందా అంటే, నిద్ర పట్టింది.

ఇప్పుడు ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పని. అడ్వాన్సులో సగం వెనక్కొచ్చింది, స్లాబు అలాగే ఉంది. కుర్రాళ్లిద్దరికి సిక్స్ జీ నేర్పుతున్నాను, వాళ్లు వెళ్తారేమో.

మా చర్చిలో సాక్ష్యాలన్నీ వీసా వచ్చిందనో, సీటు వచ్చిందనో ముగుస్తాయి. నేను లేచి, జబ్బు తగ్గింది, వీసా రాలేదు, అప్పు ఉంది, దేవునికి స్తోత్రం అని కూర్చున్నాను. వెనక వరసలో కాసేపు ఎవరికీ ఏమనాలో తోచలేదు. ఆరాధనయ్యాక ఒక పెద్దావిడ మెల్లిగా దగ్గరికొచ్చి, "బాబూ, ఆ మాత్రలు ఎక్కడిస్తారు? మా మనవడు నెల నుంచి దగ్గుతున్నాడు, ఎవరికీ చెప్పలేదు" అంది. సోమవారం షెడ్డుకి సెలవు చెప్పి ఆ కుర్రాణ్ణి పెదవాల్తేరు తీసుకెళ్లాను.