పదివేలలో ఎలక్ట్రిక్ గిటారు: ఫిబ్రవరి నుంచి జూలై దాకా

ఫిబ్రవరి, రెండో ఆదివారం

రెండేళ్లుగా అకూస్టిక్ గిటారు వాయిస్తున్నాను. ఎలక్ట్రిక్ కొనాలన్న కోరిక సంక్రాంతి సెలవుల్లో మొదలైంది, ఇక ఆగలేదు. బడ్జెట్ పదివేలు. అంతకు మించితే ఇంట్లో లెక్క చెప్పాలి. ‘‘ఉన్న గిటారుకి ఏమైంది?’’ అని మా ఆవిడ అడిగింది. ఏమీ కాలేదు. అందుకే టీ పెట్టే వంకతో వంటింట్లోకి జారుకున్నాను.

సికింద్రాబాద్‌లో రెండు షాపులు తిరిగాను. యామహా పసిఫికా 012, స్క్వైయర్ (ఫెండర్ వాళ్లదే, తక్కువ ధర రకం), ఐబనేజ్ జియో, కోర్ట్ అన్నీ చేత్తో పట్టుకుని చూశాను. చేతికి నచ్చినవేవీ పదివేలకు రావు. ఆన్‌లైన్‌లో గిటారు, చిన్న ఆంప్ (సౌండు పెంచే పెట్టె), బ్యాగు, పట్టీ, పిక్కులు కలిపి ఎనిమిది వేలకే అంటూ కాంబోలు కనబడతాయి. మా ఆఫీసులో ఒకతను అలాంటిదే కొన్నాడు. శ్రుతి చేసి గోడకి ఆనించి టీ తాగి వచ్చేలోపు శ్రుతి దిగిపోయి ఉంటుంది. ఆంప్ అయితే దోమల బ్యాట్ లాగా చిటపటలాడుతుంది. కాబట్టి నాకు సెకండ్ హ్యాండే దారి.

బాడీ బాస్‌వుడ్డా, పాప్లరా, మహాగనీయా అని రాత్రిళ్లు తెగ చదివాను. మా మాస్టారికి ఫోన్ చేస్తే నవ్వారు. ఆయన ముప్పై ఏళ్లుగా చర్చి బ్యాండులో వాయిస్తున్న మనిషి. ‘‘చెక్క సంగతి నీకెందుకయ్యా? నెక్ చూడు, ఫ్రెట్లు చూడు. మిగతావన్నీ కోఠీలో దొరుకుతాయి’’ అన్నారు. నెక్ అంటే తీగలు సాగే పొడుగాటి చెక్క, ఫ్రెట్లు అంటే దాని మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు. అప్పటికి ఊ కొట్టాను గాని సగమే నమ్మాను.

మార్చి, మొదటి శనివారం, సైనిక్‌పురి

సెకండ్ హ్యాండ్ గిటారు చూడ్డానికి సంచిలో పట్టుకెళ్లినవి: క్లిప్ ట్యూనర్, కేపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపెట్టే క్లిప్పు), ఆరంగుళాల స్టీలు స్కేలు, ఒక విజిటింగ్ కార్డు, ఆలెన్ కీల సెట్టు, నా సొంత కేబుల్, గిటారుకే గుచ్చుకునే చిన్న హెడ్‌ఫోన్ ఆంప్. చివరి రెండూ ఎందుకంటే, అమ్మేవాళ్ల ఇంట్లో ‘‘కేబుల్ ఫ్రెండ్ దగ్గరుంది’’ అనే మాట తప్పకుండా వస్తుందని మాస్టారు ముందే చెప్పారు. సరిగ్గా అదే మాట వచ్చింది.

గిటారు ఎర్రగా, అద్దంలా మెరుస్తోంది. అడుగుతున్నది 11 వేలు. ‘‘ఆరు నెల్లు కూడా కాలేదన్నా, ఇంట్లనే ఉంది’’ అన్నాడు కుర్రాడు. నిజం చెప్పాలంటే మనసు అప్పుడే జేబులోకి వెళ్లిపోయింది. అయినా బాడీ వైపు నుంచి తల వైపుకి, తుపాకీ గురి చూసినట్టు ఒక కన్ను మూసి నెక్ అంచుల వెంట చూశాను. లావు తీగ వైపు అంచు గీత గీసినట్టుంది. సన్న తీగ వైపు అంచు మధ్యలో లోపలికి దిగింది.

కంటి మీద నమ్మకం లేక కొలిచాను. మొదటి ఫ్రెట్ మీద కేపో పెట్టి, అదే తీగని చివరి ఫ్రెట్ దగ్గర వేలితో నొక్కాలి. అప్పుడు తీగే స్కేలుగా పనికొస్తుంది. ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు 0.2, 0.3 మి.మీ. ఉంటే సరి. అంటే విజిటింగ్ కార్డు కాస్త రాసుకుంటూ దూరాలి. లావు తీగ కింద కార్డు మొన కూడా దూరలేదు. సన్న తీగ కింద 0.76 మి.మీ. మందం ఉండే ఏటీఎం కార్డు తీగని కదపకుండానే దూరింది.

నెక్ లోపల ట్రస్ రాడ్ అని ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాని నట్టు కుడివైపు బిగిస్తే నెక్ వెనక్కి వాలుతుంది, వదులు చేస్తే తీగల లాగుడుకి ముందుకి వంగుతుంది. మొత్తం నెక్ ఒకే తీరుగా వంగితే ఇదే మందు, పావు తిప్పు తిప్పి చూసుకుంటూ పోవాలి. రెండు అంచులూ రెండు దారులు పట్టాయంటే అది వంపు కాదు, మెలిక. మెలికకి ట్రస్ రాడ్ పనిచేయదు. నాలుగు స్క్రూలు విప్పి నెక్కే మార్చొచ్చుగా అనిపిస్తుంది. కొత్త నెక్ ధర, బిగించే కూలీ కలిపితే ఇంకో గిటారుకి దగ్గర పడుతుంది.

‘‘ఏం గాదన్నా, తీగలు మారిస్తే సెట్ అయితది’’ అన్నాడు. దండం పెట్టి వచ్చేశాను. ఈసీఐఎల్ దాకా నడుస్తుంటే ఆ ఎరుపు రంగే కళ్లలో మెదిలింది.

మా పిన్ని వీణ గుర్తొచ్చింది. వీణకి 24 మెట్లు మైనం మీద కూర్చుంటాయి. ఎండలకి మైనం మెత్తబడి మెట్టు కదిలితే మేళం కట్టేవాళ్లని పిలిపించేది, మైనం కరిగించి మళ్లీ కూర్చోబెట్టేవారు. గిటారులో ఆ వెసులుబాటు లేదు. ఫ్రెట్ చెక్కలోకి దిగ్గొట్టి ఉంటుంది. చెక్క ఎటు పోతే శ్రుతి అటే.

మార్చి, నాలుగో ఆదివారం, తార్నాక

ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్తున్న కుర్రాడు సామాను ఖాళీ చేస్తున్నాడు. స్ట్రాట్ ఆకారం (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా), బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గర హంబకర్, మిగతా రెండూ సింగిల్ కాయిల్ పికప్‌లు. పికప్ అంటే తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం, హంబకర్ అంటే రెండు కాయిల్స్ ఉన్న పికప్. మెటల్ సంగీతం పిచ్చిలోకి నేరుగా దిగనివాళ్లకి ఈ అమరిక చాలా వీలు. దుమ్ము కొట్టుకుపోయి, తీగలు తుప్పు పట్టి, చూడ్డానికి అనాథలా ఉంది. 10,500 అన్నాడు.

ముందు వైరు పెట్టకుండా వాయించాను. ఆంప్ సౌండులో, అందులోనూ డిస్టార్షన్ (గరగరలాడే సౌండు) పెడితే, గిటారు రోగాలన్నీ దాక్కుంటాయి. అమ్మేవాళ్లు చాలామంది డిస్టార్షన్‌తోనే వినిపిస్తారు.

నెక్ అంచులు రెండూ ఒకేలా ఉన్నాయి. ఏడో ఫ్రెట్ దగ్గర సందు కొంచెం ఎక్కువ, కానీ రెండు వైపులా అంతే. ట్రస్ రాడ్ నట్టు కదుపుతానని అడిగి, అతను సరేనన్నాక అతని ముందే పావు తిప్పులో సగం తిప్పాను. మెత్తగా కదిలింది. ఇది తప్పకుండా చూసుకోవాలి. ఇంతకుముందు ఎవరో చివరిదాకా బిగించేసి ఉంటే ఇక బిగించడానికేమీ మిగలదు.

తర్వాత ఆరు తీగల మీద 22 ఫ్రెట్లూ వరసగా మీటాను. మొత్తం 132 స్వరాలు, ఐదు నిమిషాల పని. అతను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు, నాకే సిగ్గేసింది. అయినా ఆపలేదు. ఒక ఫ్రెట్‌లో స్వరం టక్కుమని చచ్చిపోతే పక్క ఫ్రెట్ పైకి లేచి ఉందని అర్థం. రెండో తీగ మీద 14వ ఫ్రెట్ కొంచెం జివ్వుమంది గాని స్వరం నిలబడింది. పై ఫ్రెట్లలో తీగని ఒక స్వరం మేరకు పైకి నెట్టి చూశాను, మధ్యలో ఊపిరి ఆగలేదు. మొదటి మూడు ఫ్రెట్ల మీద సన్న తీగల కింద గుంటలు పడ్డాయేమోనని ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేశాను. గీతలున్నాయి, గుంటలు లేవు. గుంటలు లోతుగా ఉంటే ఫ్రెట్లు సాపు చేయించడమో మార్పించడమో తప్పదు. అది పదివేల గిటారుకి పెట్టే ఖర్చు కాదు.

12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు లావు వైపు 2.5 మి.మీ. ఉంది. 2 ఉంటే నా చేతికి హాయి. ఎత్తుందని భయం లేదు, బ్రిడ్జి మీద ఒక్కో తీగని మోసే సాడిళ్లు కిందికి దిగేందుకు ఇంకా చోటుంది. సాడిళ్లు అడుగుకి ఆనేసినా తీగలు ఎత్తుగానే ఉంటే అది నెక్ కోణంలో తేడా, వదిలేయడం మంచిది. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్‌నీ (తీగని నొక్కకుండా తాకి మీటే స్వరాన్నీ) నొక్కిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చాను. నొక్కినది కాస్త ఎక్కువ చూపించింది. అంత తుప్పు తీగల మీద ఏ గిటారైనా అబద్ధమే చెబుతుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. సాడిల్ వెనక్కి జరిపే చోటుందా అని మాత్రం చూసుకున్నాను.

తల భాగం వెనక, నట్ (తీగలు కూర్చునే గాళ్లున్న ముక్క) దగ్గర వెంట్రుకవాసి పగులు కోసం గోరుతో రాశాను. లేదు.

ఇక కేబుల్ గుచ్చితే అసలు సంగీతం మొదలైంది. వాల్యూమ్ తిప్పితే కరకర. జాక్ దగ్గర కేబుల్ కదిపితే సౌండు పోయి వస్తోంది. పికప్‌లు మార్చే ఐదు స్థానాల స్విచ్‌లో నాలుగోది పలకడం లేదు. ఒక్కో పికప్ మీద స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తట్టి చూశాను, మూడూ టక్కుమన్నాయి. అంటే పికప్‌లు బతికే ఉన్నాయి, జబ్బంతా స్విచ్‌లోనూ దుమ్ములోనూ ఉంది. అతని మొహంలో దిగులు. నాకు లోపల పండగ. ఈ మూడు లోపాలూ కలిపి 500 రూపాయల పని, బేరంలో మాత్రం వాటి విలువ రెండు వేలు.

8,500కి ఇచ్చాడు. బ్యాగు ఉచితం, ఒక జిప్పు లేదు. తార్నాకలో బ్లూ లైన్ ఎక్కి, అమీర్‌పేటలో రెడ్ లైన్‌కి మారి, మూసాపేటలో దిగేదాకా దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను.

ఏప్రిల్, మొదటి వారం

శనివారం ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి కోఠీలోని గుజరాతీ గల్లీకి నడిచాను. గిటారు జాక్ అంటే కౌంటర్ దగ్గర తెల్లమొహం వేశారు. పీ-38 అనగానే చేతిలో పెట్టారు. మైకు, గిటారు కేబుల్ చివర ఉండే 6.35 మి.మీ. పిన్నుకి మన బజారు పేరు అది. దాని సాకెట్ 60, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే 280.

వెనక్కి వచ్చి పిక్‌గార్డ్ (బాడీ ముందరి ప్లాస్టిక్ రేకు) విప్పాను. స్క్రూలు ఏది ఎక్కడిదో మరిచిపోకుండా అట్టముక్క మీద బొమ్మ గీసి గుచ్చుకున్నాను. వాల్యూమ్, టోన్ పాట్ల (తిప్పుడు బిళ్లల కింది భాగాల) లోపలికి స్ప్రే కొట్టి ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పితే కరకర పోయింది. స్విచ్ నాలుగో స్థానం కూడా దాంతోనే పలికింది, మార్చాల్సిన పని పడలేదు. సాకెట్ మార్చేటప్పుడు సోల్డరింగ్ ఐరన్‌తో వేలు కాల్చుకున్నాను. దాని గురించి ఎక్కువ రాయను.

గుర్రుమనే శబ్దం గురించి మాత్రం రాయాలి. సింగిల్ కాయిల్ పికప్ కరెంటులోని 50 హెర్ట్జ్ గుర్రుని పట్టుకుంటుంది. అది లోపం కాదు, దాని స్వభావం. హంబకర్‌లో రెండు కాయిల్స్ ఎదురెదురుగా పనిచేసి ఆ గుర్రుని చంపేస్తాయి. 1950ల్లో గిబ్సన్‌లో సేత్ లవర్ దాన్ని తయారుచేసింది ఇందుకే. తీగల మీద చెయ్యి పెడితే గుర్రు తగ్గాలి. ఏమాత్రం తేడా లేకపోయినా, పెరిగినా బ్రిడ్జికి వెళ్లే ఎర్త్ వైరు ఊడిందేమో చూడాలి. చెయ్యి పెట్టినప్పుడు జివ్వుమని షాక్ తగిలితే అది గిటారు ముచ్చట కాదు, వెంటనే ఆంప్ ప్లగ్ పీకి ఇంటి ఎర్తింగ్ చూపించుకోవాలి. మా ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ రెండులో ఉంటే గుర్రు, ఐదులో ఉంటే నిశ్శబ్దం. ఏప్రిల్ కాబట్టి ఐదులో పెట్టడానికి ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు.

కొత్త తీగలు 09-42 (తీగల మందం చెప్పే అంకెలు) సెట్టు, 550. వేశాక నెక్ ఇంకో పావు తిప్పు, సాడిళ్లు కిందికి, ఆఖరున శ్రుతి సరిచూడడం. ఈ వరసలోనే చేయాలి, ముందు శ్రుతి సరిచేసి తర్వాత నెక్ కదిపితే చేసిందంతా మళ్లీ మొదటికొస్తుంది. నట్‌లో మూడో తీగ ఇరుక్కుని శ్రుతి చేస్తుంటే టింగుమంటోంది. గాడిలో పెన్సిల్ ముక్కు రాశాను, టింగు పోయింది.

మే

ఎండలకి చెక్క ఎండి కుంచించుకుంది. లోహం కుంచించుకోదుగా, ఫ్రెట్ల చివర్లు అంచు దాటి బయటికొచ్చి అరచేతికి రంపంలా గీరుకుంటున్నాయి. మాస్కింగ్ టేపు అంటించి సన్న ఆకురాయితో ఏటవాలుగా రుద్దాను, ఆకురాయి 180. మార్చిలో కొన్నాను కాబట్టి ఇది కనబడలేదు. నడివేసవిలో గిటారు చూడ్డానికి వెళ్లేవాళ్లు నెక్ అంచు మీద అరచెయ్యి పైకీ కిందికీ ఒకసారి జరపండి.

ఇప్పటిదాకా మొత్తం 9,570.

ఇదే నెలలో మా బావమరిది అమెరికా నుంచి వస్తూ పాత ఆంప్ తెచ్చాడు. ‘‘బావా, ఫ్రీ’’ అన్నాడు. వెనక 120 వోల్ట్ అని రాసుంది. మన 230లో నేరుగా పెడితే కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ధర అడిగి, ఫ్రీ ఆంప్‌ని అటక మీద పెట్టాను. హెడ్‌ఫోన్ ఆంప్‌తోనే నడుస్తోంది. పక్క ఫ్లాట్ వాళ్లకి కూడా అదే మేలు.

జూలై

వానలు. నెక్ మళ్లీ కాస్త కదిలింది, ఎనిమిదో వంతు తిప్పుతో సర్దుకుంది. సన్న తీగలు నల్లబడుతున్నాయి, వాయించాక పాత బనియన్ గుడ్డతో తుడిచి, బ్యాగులో చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేస్తున్నాను. మోహన రాగం ఆరోహణ అవరోహణలు క్లీన్ సౌండులో నిమిషానికి 80 తాళంతో తప్పు లేకుండా వస్తున్నాయి, 100 దగ్గర చిటికెన వేలు ఎదురు తిరుగుతోంది.

నిన్న ఊరికే ప్రకటనలు చూస్తుంటే సైనిక్‌పురి ఎర్ర గిటారు ఇంకా ఉంది. 11 వేలు కాస్తా ఏడు వేలైంది. ఫొటోలు కొత్తవి, ఎనిమిది పెట్టాడు. నెక్ పక్కనుంచి కనబడేది ఒక్కటీ లేదు.