ఐస్‌లాండ్ దక్షిణ తీరం, ఫిబ్రవరిలో

ఐస్‌లాండ్ వెళ్తున్నామంటే అందరూ వేసవిలో వెళ్లమన్నారు. డిసెంబరులో పగలు నాలుగ్గంటలే ఉంటుందని, గాలి లేస్తే రోడ్లు మూసేస్తారని భయపెట్టారు. వాళ్లు చెప్పింది నిజమే. కానీ హిమానీనదం లోపలి మంచు గుహలోకి అడుగుపెట్టాలన్నా, రాత్రి ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు చూడాలన్నా చలికాలమే వెళ్లాలి. అందుకని అక్కా నేనూ ఫిబ్రవరి చివరి వారం ఎంచుకున్నాం. అప్పటికి పగలు దాదాపు పది గంటలుంటుంది, గుహలు ఇంకా గట్టిగానే ఉంటాయి.

కారు అద్దెకు తీసుకోకుండా చిన్న గ్రూపుతో వెళ్లడం మేము తీసుకున్న మంచి నిర్ణయం. మాది చిన్న మినీబస్సు, మంచు మీద జారకుండా దాని టైర్లకు ఇనుప మేకులు. బస్సు నడిపేదీ, దారిలో అన్నీ వివరించేదీ ఒకావిడే. బయల్దేరే ముందు ఆవిడ మాకు నేర్పిన మొదటి పాఠం బస్సు తలుపు తీయడం. రెండు చేతులతో పట్టుకుని కొద్దికొద్దిగా తీయాలట, లేకపోతే గాలి తలుపుని విరిచేస్తుందట. అతిగా చెబుతోందనుకున్నాను కానీ తీరం చేరాక అర్థమైంది. చలి మనం భయపడినంత ఉండదు, సున్నా డిగ్రీలకి అటూ ఇటూ అంతే. ఇబ్బందంతా గాలితోనే.

మొదట థింగ్‌వెల్లిర్. ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు ఇక్కడ ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాయి. ఒక కాలు అటు, ఒక కాలు ఇటు వేసి ఫొటో దిగొచ్చనుకుని వస్తారు చాలామంది. నిజానికి అది కొన్ని కిలోమీటర్ల వెడల్పున కుంగిపోయిన లోయ. మేము నడిచిన రాతి సందు దానికి పడమటి అంచు మాత్రమే. క్రీ.శ. 930లో ఈ దేశపు పెద్దలు తమ సభని పెట్టుకున్నది ఇక్కడే. 1944 జూన్ 17న స్వతంత్ర గణతంత్రాన్ని ప్రకటించుకున్నదీ ఇక్కడే. దేశానికి ఇంత ముఖ్యమైన చోటు, సరిగ్గా నేల చీలుతున్న చోట ఉంది!

స్ట్రోక్కుర్ వేడినీటి బుగ్గ కొద్ది నిమిషాలకోసారి ఎగజిమ్ముతుంది. ఎగజిమ్మే ముందు నీలి బుడగలా ఉబ్బే ఆ ఒక్క క్షణాన్నే చూడాలి. గుల్‌ఫోస్ జలపాతం దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను. 20వ శతాబ్దం మొదట్లో దీని మీద విద్యుత్ కేంద్రం కట్టాలని విదేశీ పెట్టుబడిదారులు చూస్తే, పక్కనే ఉండే రైతు కూతురు సిగ్రిదుర్ తోమస్‌దోత్తిర్ ఏళ్ల తరబడి పోరాడింది. కట్టడం మొదలుపెడితే అందులో దూకేస్తానని బెదిరించిందంటారు. ఆమె తరఫున వాదించిన లాయరే తర్వాత ఆ దేశపు మొదటి అధ్యక్షుడయ్యాడు. జలపాతం పైన ఆమె ముఖం చెక్కిన రాయి ఉంది. ఆ రాయికి దణ్ణం పెట్టుకోకుండా రాలేకపోయాను.

అక్కడి నుంచి తీరం వెంట తూర్పుకి. రేనిస్‌ఫ్యారా దగ్గర ఇసుక నల్లగా ఉంటుంది, ఒడ్డున ఆరు పలకల రాతి స్తంభాలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. లావా చల్లారుతూ కుంచించుకుపోయినప్పుడు అలా పలకలుగా పగులుతుంది. మాది రాజమండ్రి. గోదావరి అవతల పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కొట్టే నల్లరాయి కూడా ఇదే జాతి, బసాల్టే. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పారిన లావా అది. అంటే మా ఇంటి పునాదిలో ఉన్న రాయి కూడా ఒకప్పుడు ఇలాగే మరుగుతూ వచ్చిందన్నమాట. స్తంభం మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాను. అక్క కూడా వచ్చి తడిమి, "మన రోడ్డు మీద కంకరేనే ఇది" అంది. ఇక్కడ హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా పెద్ద అల ముందుకొచ్చి మనుషుల్ని లాక్కుపోతుంది. ప్రాణాలు పోయాయి కూడా. దారి మొదట్లో హెచ్చరిక దీపాలున్నాయి. గైడ్ ఇసుకలో కాలితో ఒక గీత గీసి, అది దాటొద్దంది. ఎవరూ దాటలేదు.

రాత్రి బస పక్కనే ఉన్న వీక్ అనే చిన్న ఊళ్లో. ఊరి వెనక మంచు టోపీ కింద కాట్లా అగ్నిపర్వతం ఉంది. అది చివరిసారి పెద్దగా పేలింది 1918లో. పేలితే పైనున్న మంచు కరిగి వరద దూకుతుంది. అప్పుడు ఊరంతా గుట్ట మీది చర్చికి ఎక్కాలి. మా బసలో పనిచేసే అమ్మాయి ఆ చర్చిని మాకు చూపించినప్పుడు ఆమె మాటలో ఎక్కడా బెరుకు లేదు. తుపాను షెల్టరు ఎటో మన కోనసీమ వాళ్లు చెప్పినట్టే చెప్పింది. ఆ రాత్రి అక్క తెచ్చిన కరివేపాకు పొడి, గోంగూర పచ్చడితో అన్నం తిన్నాం. స్కీర్ అనే గట్టి పెరుగు అక్కకి బాగా నచ్చింది.

వీక్ దాటాక రోడ్డుకి రెండు వైపులా మంచు కింద గుండ్రటి గుట్టలు మొదలయ్యాయి. 1783లో లాకి అనే అగ్నిపర్వత చీలిక నుంచి ఎనిమిది నెలల పాటు పారిన లావా అదంతా. విషవాయువులకి గడ్డి పాడైంది, పశువులు చచ్చాయి, తర్వాత వచ్చిన కరువులో దేశ జనాభాలో దాదాపు ఐదో వంతు పోయింది. ఆ రాళ్ల మీద నాచు మందంగా పెరిగింది. దాన్ని తొక్కితే మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుందని గైడ్ మమ్మల్ని రోడ్డు పక్క నుంచే చూడమంది. ఇంకొంచెం ముందుకెళ్తే ఇసుక మైదానంలో వంకర్లు తిరిగిన రెండు పెద్ద ఇనుప దూలాలు పడి ఉన్నాయి. 1996లో వాట్నాయోకుల్ మంచు కింద అగ్నిపర్వతం పేలి వచ్చిన వరద, ఇళ్లంత మంచుగడ్డల్ని మోసుకొచ్చి పగలగొట్టిన వంతెన తాలూకు ముక్కలవి. దేశం చుట్టూ తిరిగే రోడ్డు 1974లో పూర్తయిందే ఈ ఇసుక మీది వంతెనలతో. కొట్టుకుపోయిన చోట మళ్లీ కట్టుకున్నారు.

మంచు గుహకి వెళ్లాల్సిన ఉదయం గైడ్ మమ్మల్ని టీ దగ్గర కూర్చోబెట్టి, ఇవాళ వెళ్లడం లేదంది. రాత్రంతా వాన పడింది, గుహలో నీరు పారుతోందని స్థానిక గైడ్లు చూసొచ్చి చెప్పారట. అంత దూరం నుంచి వచ్చి వెనక్కి తిరగడమా అని బస్సులో కొందరు మొహం మాడ్చుకున్నారు. 2024 ఆగస్టులో మేము వెళ్లాల్సిన ఇదే బ్రేయిదామెర్కుర్‌యోకుల్ హిమానీనదం మీద మంచు కూలి ఒక పర్యాటకుడు చనిపోయాడని ఆవిడ చెప్పాక ఎవరూ మాట్లాడలేదు. ఇంత డబ్బు పోసి టూర్‌లో రావడం అందుకే అని నాకు అనిపించింది. వద్దు అని చెప్పగలిగే మనిషి మనతో ఉండాలి.

ఆ పూట యోకుల్‌సార్లోన్ సరస్సు దగ్గరే గడిపాం. 1930ల ముందు ఈ సరస్సు లేదు. హిమానీనదం వెనక్కి తగ్గుతున్న కొద్దీ ఏర్పడి, ఇప్పుడు 240 మీటర్లు దాటిన లోతుతో దేశంలోకెల్లా లోతైనదయింది. విరిగిన మంచుకొండలు వంతెన కిందుగా సముద్రంలోకి వెళ్లి, అలలకి మళ్లీ నల్ల ఇసుక మీదికి కొట్టుకొస్తాయి. సీల్స్ తలలెత్తి మమ్మల్నే చూశాయి. చూస్తున్నంతసేపూ అందం ఒకవైపు, ఇదంతా కరిగిపోతున్న మంచేనన్న దిగులు ఒకవైపు. ఆ రాత్రి మబ్బు విడిపోయి ఉత్తరాన తెల్లటి పొగలాంటిది కనిపించింది. ఫోన్‌లో చూస్తే ఆకుపచ్చ. కాసేపటికి కంటికే ఆకుపచ్చగా మారి, తలమీదుగా మడతలు మడతలుగా కదిలింది. అక్క ఏడ్చేసింది.

మర్నాడు చలి పెరిగింది, గుహకి వెళ్లాం. బూట్ల కింద మేకుల పట్టీలు, తలకి హెల్మెట్. వేసవిలో కరిగిన నీరు తొలిచిన గుహ కాబట్టి ఏటా కొత్తది. గోడలు ముదురు నీలం. ఏళ్ల బరువుకి మంచులో గాలి బుడగలు నలిగిపోతాయి, అందులోకి దిగిన వెలుగులో ఎరుపు ఇంకిపోయి నీలమే బయటికొస్తుంది. ఆ నీలంలో అక్కడక్కడా నల్లటి చారలున్నాయి, ఒక్కో చార ఎప్పటిదో ఒక పేలుడు తాలూకు బూడిద. మంచు, నిప్పు అని వేర్వేరుగా చదువుకున్నవి అక్కడ ఒకే గోడలో ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం దారిలో గైడ్ గ్రిండవీక్ వైపు చూపించింది. 2023 నవంబరు 10న ఆ ఊరిని ఒక్క రాత్రిలో ఖాళీ చేయించారు. రెండు నెలలకి లావా ఊళ్లోకొచ్చి మూడు ఇళ్లని కాల్చేసింది. చాలా ఇళ్లని ప్రభుత్వమే కొనేసింది. ఊరిని కాపాడ్డానికి పోసిన మట్టికట్టలు మాత్రం ఉన్నాయి.

మమ్మల్ని దింపాక ఆవిడ బస్సులోనే కూర్చుని ఫోన్‌లో వాతావరణం చూసుకుంటోంది. మర్నాడు ఇంకో గ్రూపు వస్తుందట. తూర్పు రోడ్డుకి నారింజ హెచ్చరిక ఉందని, వాళ్ల గుహ రోజు కూడా మార్చాల్సి వస్తుందేమోనని అంది.