విచారణ గురువుతో మనస్పర్థ వచ్చాక సత్ప్రసాదానికి తిరిగి వెళ్లిన దారి: నా అనుభవం

మా విచారణ (ఒక గురువు ఆధ్వర్యంలోని కతోలిక దేవాలయ సంఘం) ఆర్థిక మండలిలో నేను సభ్యురాలిని. ప్రతి విచారణలోనూ ఇలాంటి మండలి ఉండాలని 1983లో వెలువడిన శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలోని 537వ సూత్రం చెబుతుంది. ఆస్తుల, లెక్కల నిర్వహణలో విచారణ గురువుకు తోడ్పడటం దాని పని. ఆ బాధ్యతతోనే ఒక సమావేశంలో, దేవాలయ మరమ్మతులకు సంబంధించిన రెండు రసీదులు ఎక్కడున్నాయని అడిగాను. నా గొంతులో ఆయనకు అనుమానం వినిపించిందో, నలుగురి ముందు అడగడం నచ్చలేదో తెలియదు గానీ, ఫాదర్ గారి ముఖం మారిపోయింది. తర్వాతి ఆదివారం ప్రసంగంలో ఆయన డబ్బు సంచి మోసిన, చివరికి యేసును పట్టించిన శిష్యుడు యూదా ఇస్కరియోతును ప్రస్తావించి, ప్రభువు మీద కంటే లెక్కల మీద ఎక్కువ శ్రద్ధ ఉన్నవారు ఈనాటికీ మన మధ్య కూర్చుంటున్నారని అన్నారు. ఆ మాట అంటూ ఆయన చూపు మా వరుస మీద ఆగింది.

సత్ప్రసాద సమయానికి, అంటే క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పాన్ని స్వీకరించే సమయానికి, మా వరుసలోని వారంతా లేచారు. నేను లేవలేదు. పక్కనున్న పెద్దామె నేను కదులుతానేమోనని ఒక్క క్షణం ఆగి, తర్వాత పక్కకు ఒదిగి, నా మోకాళ్లు తగలకుండా జరుగుకుంటూ వెళ్లారు; తిరిగి వచ్చేటప్పుడు కూడా అలాగే వచ్చారు. ఆ రెండుసార్లూ నేను తల ఎత్తలేకపోయాను. 'ఆ చేతుల నుంచి తీసుకోను' అని ఆ రోజు మనసులో అనుకున్న మాట, కొన్ని వారాలకు సత్ప్రసాదమిచ్చే ఆరాధన అయిన బలిపూజకే వెళ్లకపోవడంగా, ఆ తర్వాత ఇంట్లో ప్రార్థన కూడా మానేయడంగా మారింది. అలా ఏడు నెలలు గడిచాయి.

మా అమ్మ మంచం మీద ఉంటుంది. ప్రతి నెలా మొదటి శుక్రవారం ఫాదర్ గారే ఆమెకు సత్ప్రసాదం తెస్తారు. మంచం పక్కన బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, సిలువ పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, ఆయన రాగానే తలుపు తీసి, ఒక్క మాటైనా మాట్లాడకుండా నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఒక శుక్రవారం ఆయన వెళ్లాక అమ్మ నన్ను పిలిచి, "అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టుంది నీ వరస. ఆయన మీద అలిగి నువ్వు పస్తుంటే ఆయనకు పోయేదేముంది, అమ్మాయీ?" అంది. సమాధానం చెప్పలేకపోయాను. అయితే, ఆమె మాటకు లొంగిపోయి వెళ్లడం నాకు సరిపడదు. నా మనసు ఒప్పుకోవాలి. అందుకే మొదట శ్రీసభ ఏమంటుందో చదవడం మొదలుపెట్టాను.

ఈ ప్రశ్న నాతో పుట్టింది కాదని అప్పుడు తెలిసింది. నాలుగో శతాబ్దపు ఉత్తర ఆఫ్రికాలో, క్రైస్తవులను హింసించిన కాలంలో పవిత్ర గ్రంథాలను అధికారులకు అప్పగించి దిగజారిన గురువులిచ్చిన సంస్కారాలు (జ్ఞానస్నానం, సత్ప్రసాదం వంటివి) చెల్లవని డొనాటిస్టులనే వర్గంవారు వాదించారు. 314లో ఆర్ల్ నగరంలో సమావేశమైన పీఠాధిపతులు (బిషప్పులు) దానికి ఒప్పుకోలేదు. ఆ చీలిక అంతటితో ఆగలేదు. వంద సంవత్సరాల తర్వాత కూడా పునీత అగుస్తీను దానితో తలపడవలసి వచ్చింది. పేతురు జ్ఞానస్నానమిచ్చినా ఇచ్చేది క్రీస్తే, పౌలు ఇచ్చినా క్రీస్తే, చివరికి యూదా ఇచ్చినా ఇచ్చేది క్రీస్తే అని యోహాను సువార్త మీద ఆయన చేసిన ప్రసంగం చదువుతుంటే నాకు ఊపిరి ఆగినట్టయింది. ఏ పేరు నా మీద విసిరారని ఇన్నాళ్లు కుమిలిపోయానో, అదే పేరు అక్కడ ఉంది. సంస్కారం ఇచ్చే గురువు చావైన (అత్యంత ఘోరమైన) పాపంలో ఉన్నప్పటికీ, చేయవలసిన విధిని చేసినట్లయితే ఆ సంస్కారం నిజమైనదేనని పీఠాధిపతులు సమావేశమైన ట్రెంట్ మహాసభ 1547లో నిర్ధారించింది. మా ఫాదర్ గారు చేసిందల్లా ఒక పరుషమైన మాట అనడమే కదా!

నన్ను నిలబెట్టి అడిగింది మాత్రం శ్రీసభ బోధనలను ఒకచోట చేర్చిన 1992 నాటి సత్యోపదేశ గ్రంథంలోని 1128వ పేరా. సంస్కారపు శక్తి ఇచ్చేవారి నీతి మీద గానీ, పుచ్చుకునేవారి నీతి మీద గానీ ఆధారపడదని చెప్పిన తర్వాత, దాని ఫలం మాత్రం పుచ్చుకునేవారి మనస్థితి మీద కూడా ఆధారపడి ఉంటుందని అది అంటుంది. అంటే, ఆయన కోపం నాకు అడ్డు కాదు, నా కోపం అడ్డు కాగలదు. పైగా, యోగ్యమైన మనసుతో, తగిన సమయంలో అడిగినవారికి, చట్టపరమైన నిషేధమేదీ లేనప్పుడు, గురువు సంస్కారాలను నిరాకరించకూడదని శ్రీసభ చట్టంలోని 843వ సూత్రం చెబుతుంది. ఆయన నన్ను ఎన్నడూ నిరాకరించలేదన్న సంగతి ఆ వాక్యం చదివినప్పుడే నాకు తట్టింది. నిరాకరించుకున్నది నేనే.

పాపసంకీర్తనం చేయాలి, అంటే నా పాపాలను ఒక గురువుతో చెప్పుకోవాలి, కానీ ఆయన దగ్గర చేయలేను. అనుమతి పొందిన ఏ గురువు దగ్గరైనా, తనకు నచ్చినవారి దగ్గర పాపసంకీర్తనం చేసుకునే స్వేచ్ఛ విశ్వాసులకు ఉందని 991వ సూత్రం చెబుతుంది కాబట్టి, నన్నెరుగని గురువు ఉన్న మరో దేవాలయానికి వెళ్లాను. జల్లెడ తెరకు ఇవతల మోకరించి, రసీదుల సంగతితో మొదలుపెట్టి, ప్రసంగం దాకా చెప్పుకుంటూ పోయాను. ఆ గురువు మెల్లగా ఆపి, "అది ఆయన చెప్పుకోవలసిన పాపం, అమ్మా. మీది చెప్పండి" అన్నారు. చాలాసేపు నాకు మాట రాలేదు. తర్వాత, ఆదివారాలు మానేశానని, మా ఫాదర్ గారి గురించి మరో ముగ్గురి దగ్గర లేనిపోనివి కలిపి చెప్పానని, ఆయనకు బదిలీ అయితే బాగుండునని ప్రార్థించానని చెప్పాను. మనసు నొచ్చుకోవడం పాపమా అని అడిగితే, కాదన్నారు. గాయాన్ని అనుభవించకుండా ఉండటం, మరచిపోవడం మన చేతిలో లేదని, ఆ గాయాన్ని ప్రభువుకు అప్పగించడం మాత్రం మన చేతిలో ఉందని చెప్పారు. సత్యోపదేశంలోనూ ఇదే మాట ఉందని తర్వాత చూశాను.

ఆపై కొన్ని ఆదివారాలు ఆ దేవాలయంలోనే బలిపూజలో పాల్గొన్నాను. కతోలిక ఆరాధన రీతిలో బలిపూజ ఎక్కడ జరిగినా, ఆ రోజున గానీ ముందు రోజు సాయంత్రం గానీ పాల్గొంటే ఆదివారపు బాధ్యత తీరుతుంది కనుక ఇందులో తప్పేమీ లేదు. ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవారు సత్ప్రసాదం మానేయడం కంటే ఈ దారి పట్టడం వెయ్యిరెట్లు మేలని నేను గట్టిగా చెబుతాను. అయితే నా విషయంలో అది తాత్కాలికంగానే ఉండాలనుకున్నాను, ఎందుకంటే అమ్మకు అవస్థ అభ్యంగనం (తీవ్రమైన జబ్బులో ఉన్నవారికి తైలం పూసి ఇచ్చే సంస్కారం) కావలసి వస్తే పిలవవలసింది మా విచారణ గురువునే.

ఇక్కడ ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. నాది మనస్పర్థ మాత్రమే. గురువు వల్ల నేరమో దుర్వినియోగమో జరిగినప్పుడు ఓర్చుకుని ఊరుకోమని నేను ఎవరికీ చెప్పను. దాన్ని పీఠాధిపతికీ, పోలీసులకూ తెలియజేయాలి.

మా ఫాదర్ గారికి నేనొక చిన్న ఉత్తరం రాశాను. మొదటి రెండు చిత్తుప్రతులు చించేశాను, అవి ఉత్తరాల్లా కాక అభియోగ పత్రాల్లా ఉన్నాయి. మూడోదానిలో, ఆ ప్రసంగం నన్ను గాయపరిచిందని, ఆయన గురించి నేనూ అనకూడని మాటలు అన్నానని, అందుకు క్షమించమని, రసీదుల ప్రశ్న మాత్రం మండలి సభ్యురాలిగా నా బాధ్యతేనని రాశాను. రెండు వారాలకు పిలిపించారు. ప్రసంగంలో నన్ను ఉద్దేశించలేదని అన్నారు. నేను పూర్తిగా నమ్మలేదు, ఆయనా బలవంతపెట్టలేదు. ఒక రసీదు దొరికిందని బల్ల మీద పెట్టారు. మా మధ్య పూర్వపు చనువు తిరిగి రాలేదు, కానీ ఆ గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు ఆయన ఆశీర్వాదానికి తల వంచగలిగాను.

తర్వాతి మొదటి శుక్రవారం నేను వంటింట్లోకి వెళ్లలేదు. అమ్మ మంచం పక్కనే మోకరించాను. అమ్మకు సత్ప్రసాదం ఇచ్చాక ఆయన నా వైపు తిరిగి, "మీరు కూడా స్వీకరిస్తారా, అమ్మా?" అని అడిగారు. నేను భోంచేసి అరగంటైనా కాలేదన్నాను. రోగులకూ, వారిని చూసుకునేవారికీ సత్ప్రసాదానికి ముందు గంట ఉపవాసముండాలనే నియమం అడ్డు రాదని ఆయనే గుర్తుచేశారు. ఆయన వేళ్లు కొద్దిగా వణకడం చూశాను. "క్రీస్తు శరీరము" అన్నారు, అమ్మతో ఏ స్వరంతో అన్నారో అదే స్వరంతో. "ఆమెన్" అన్నాను.

ఆయన వెళ్లాక కొవ్వొత్తి ఆర్పుతుంటే, రెండో రసీదు సంగతి ఏమైందని అమ్మ అడిగింది. అది ఇంకా దొరకలేదు. వచ్చే సమావేశంలో మళ్లీ అడుగుతాను.