పాస్‌వర్డ్ కరెక్టే, ఫైలే తెరుచుకోలేదు: మా నాన్న దస్తావేజుతో నా తిప్పలు

మాది కోనసీమలో ఓ లంక ఊరండి. 2022 జూలై వరద గుర్తుండే ఉంటుంది, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటేసింది, మూడో ప్రమాద హెచ్చరిక 17.75 లక్షలకే ఇస్తారు, ఇక మీరే ఊహించుకోండి. మా ఇంట్లో మంచం పట్టె దాకా నీళ్ళు. బియ్యం బస్తాలు అటకెక్కించి అమ్మా నాన్నా పడవ మీద మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళిపోయారు గానీ మంచం కింద ట్రంకు పెట్టె సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పొలం కాయితాలు అందులోనే, నా పాత కాలేజీ లాప్‌టాప్ కూడా అందులోనే. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే కీబోర్డు నిండా ఒండ్రు. 1974లో మా తాతయ్య కొన్న ఎకరం ముప్పై సెంట్ల దస్తావేజు ఉంది చూడండి, దాని మీద సిరా అంతా ఒక్క నీలం మరకైపోయింది.

మొన్న సంక్రాంతికి ఆ పొలం చెల్లికి పసుపు కుంకుమ కింద రాసిద్దామని నాన్న అన్నాక అసలు గొడవ మొదలైంది. దస్తావేజులు రాసే ఆయన దగ్గరకి వెళ్తే లింకు డాక్యుమెంటు, అంటే పొలం మాకెలా వచ్చిందో చూపే పాత దస్తావేజు, కావాలన్నాడు. పాడైపోయిందండి అంటే నంబరూ సంవత్సరం చెప్పండి సర్టిఫైడ్ కాపీ తీయిద్దాం, 1983కి ముందువి కంప్యూటర్లో దొరకవు, పాత పుస్తకాలు తీయాలి అన్నాడు. నంబరే కదా లేనిది.

అప్పుడు నేను కాస్త గొప్పగా చెప్పాను, నా దగ్గర స్కాన్ ఉంది నాన్నా అని. నిజంగానే ఉంది, 2014లో ఉబుంటు 14.04 (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) మీద అన్నీ స్కాన్ చేసి, ఎవరి చేతిలోనైనా పడతాయేమోనని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాంతో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేని గజిబిజిగా మార్చి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను. మొత్తం ఆరు ఫైళ్ళు. హైదరాబాద్ వచ్చి కొత్త లాప్‌టాప్‌లో పెట్టి పాస్‌వర్డ్ కొడితే "బ్యాడ్ డీక్రిప్ట్", అంటే విప్పడం కుదరలేదు, అంది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అదే.

ఆ పాస్‌వర్డ్ ఇప్పుడెలాగూ మార్చేశాను కాబట్టి చెప్పొచ్చు, మా పాడిగేదె పేరు, దాని వెనక నా రోల్ నంబరు చివరి అంకెలు. గేదె పేరు లక్ష్మి. అదే మన పేర్లతో వచ్చే చిక్కు, ఇంగ్లీషులో మధ్యలో కే ఎస్ హెచ్ పెట్టానా, ఎక్స్ పెట్టానా, చివర ఐ ఒకటా రెండా, మొదటి అక్షరం పెద్దదా చిన్నదా? చేత్తో నలభై రకాలు కొట్టాను. అమ్మకి ఫోన్ చేసి గేదె పేరు ఇంగ్లీషులో ఎలా రాసేవాణ్ణమ్మా అని అడిగానంటే నా పరిస్థితి అర్థం చేసుకోండి. "ఒరేయ్, గేదెకి ఆధార్ కార్డు ఉందేంట్రా" అంది.

ఇలా కాదని చిన్న స్క్రిప్ట్ రాసి పేరు రకాలూ అంకెల రకాలూ కలిపి ఓ నాలుగు వందల కాంబినేషన్లు పాస్‌బుక్ స్కాన్ ఫైల్ మీద వదిలి పడుకున్నాను. పొద్దున్న చూస్తే ఒకటి ఎర్రర్ లేకుండా పాసైంది! ఎగిరి గంతేసి చెల్లికి మెసేజ్ కూడా పెట్టేశాను, దొరికేసిందే అని. తీరా వచ్చిన పీడీఎఫ్ ఎందులోనూ తెరుచుకోదు. సరే ఫైల్ పాడైందనుకుని రిపేర్ సాఫ్ట్‌వేర్లు గట్రా డౌన్‌లోడ్ చేసి రెండు రోజులు తగలేశాను.

అసలు విషయం ఏంటంటే ఆ పద్ధతిలో పాస్‌వర్డ్ తప్పో ఒప్పో ముందే చూసే ఏర్పాటు ఏమీ లేదు. మొత్తం విప్పేసి ఆఖర్న ప్యాడింగ్ బైట్లు, అంటే చివరి ముక్క నిండడానికి అది తనే చేర్చినవి, సరిగ్గా ఉన్నాయా లేదా అని మాత్రం చూస్తుంది, లేకపోతే బ్యాడ్ డీక్రిప్ట్ అంటుంది. తప్పు పాస్‌వర్డ్‌తో విప్పినా ఆ చివరి బైట్లు దాదాపు 256కి ఒకసారి ఊరికే కుదిరిపోతాయి. నేను నాలుగు వందలు వదిలాను, ఒకటి తగలడంలో వింతేముంది. నిజమైన పీడీఎఫ్ అయితే ఫైల్ మొదట్లోనే పర్సెంట్ గుర్తు, పక్కన పీ డీ ఎఫ్ అక్షరాలు ఉంటాయి, అది ఒక్కసారి చూసి ఉంటే ఆ రెండు రోజులూ మిగిలేవి. చెల్లికి మళ్ళీ మెసేజ్ పెట్టడం ఇంకో బాధ.

ఇక లాభం లేదని కాకినాడలో ఉన్న ఫ్రెండ్‌కి స్క్రీన్ ఫోటో తీసి పంపాను. వాడు పాస్‌వర్డ్ గురించి అసలు అడగలేదండి. మొదట ఫైల్ సైజు అడిగాడు, 16తో నిశ్శేషంగా పోతోందా అని, ఎందుకంటే అది 16 బైట్ల ముక్కలుగానే రాస్తుంది. పోతోంది, అంటే తోక తెగలేదు. ఫైల్ మొదట్లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పెట్టే "సాల్టెడ్" అనే గుర్తు ఉందా అన్నాడు, ఉంది, అంటే తల కూడా బాగానే ఉంది. తర్వాత "ఏ సంవత్సరంలో చేశావ్ మావా?" 2014 అన్నాను. "మరి ఎర్రర్ పైన ఇంకో లైను ఉంది కదా, అది చదివావా?"

చదవలేదు. వార్నింగే కదా అని వదిలేశాను. పాత పద్ధతిలో కీ (ఫైల్‌ని నిజంగా తెరిచే తాళంచెవి) తయారుచేస్తున్నావు, మంచి పద్ధతులు వేరే ఉన్నాయి అని చెప్తోంది ఆ లైను. అంటే ప్రతిసారీ "కీ ఎలా తయారవుతోందో చూసుకోవయ్యా" అని నా మొహం మీదే చెప్తోంది, నేనేమో గేదె పేరు పట్టుకుని వేలాడుతున్నాను.

వాడు చెప్పింది ఇదీ. మనం కొట్టే పాస్‌వర్డే కీ కాదు. పాస్‌వర్డునీ, సాల్ట్‌నీ (ఫైల్ మొదట్లో దాచే యాదృచ్ఛిక బైట్లు) కలిపి ఒక హాష్‌లో, అంటే ఇచ్చినదాన్ని నలిపి వేరే అంకెలుగా మార్చే లెక్కలో, వేసి తిప్పితే వచ్చేది కీ. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పాత వెర్షన్లలో, అంటే ఉబుంటు 14.04లో వచ్చే 1.0.1లో, ఏ హాష్ కావాలో మనం చెప్పకపోతే ఎండీ5 అనేది వాడేది. 2016 ఆగస్టులో వచ్చిన 1.1.0 నుంచి ఏమీ చెప్పకపోతే షా-256 అనే ఇంకో హాష్ వాడుతుంది. నా కొత్త దాంట్లో ఉబుంటు 22.04, అందులో 3.0. ఏ హాష్ వాడారో ఫైల్‌లో ఎక్కడా రాసి ఉండదు. మా తాతయ్య కుంచం ఒకటి, పక్క ఊరి కుంచం ఒకటి, పేరు ఒకటే కానీ కొలత వేరు, అలాగన్నమాట. మార్చింది మంచికే, ఎండీ5 పాతబడిపోయింది, కాదనను, కానీ ఆ ఎర్రర్‌లో ఒక్క ముక్క "పాత ఫైలైతే హాష్ మార్చి చూడండి" అని ఉంటే వాళ్ళ సొమ్మేం పోయింది?

కమాండ్ చివర మైనస్ ఎండీ, స్పేస్, ఎండీ5 అని చేర్చి, నేను మొట్టమొదటి రోజు మొట్టమొదట కొట్టిన పాస్‌వర్డే కొట్టాను. తెరుచుకుంది. ఈసారి మెసేజ్ పెట్టకుండా ముందు పీడీఎఫ్ చూసుకున్నాను, నాన్న పాస్‌బుక్, ఫోటోతో సహా. ఒక్కొక్కటే ఐదు తెరుచుకున్నాయి.

ఆరోది తెరుచుకోలేదు. అదే 1974 దస్తావేజు, ఇంకేదైనా అవుతుందా చెప్పండి. దీనికి ఎర్రర్ కూడా వేరే, "బ్యాడ్ మ్యాజిక్ నంబర్". అప్పటికి కాస్త తెలివొచ్చింది కాబట్టి పాస్‌వర్డ్ జోలికి పోకుండా ఫైల్ మొదలు చూశాను. సాల్టెడ్ అని లేదు, అన్నీ మామూలు ఇంగ్లీషు అక్షరాలూ అంకెలే. అప్పుడు గుర్తొచ్చింది, ఇదొక్కటి నాకు నేను మెయిల్‌లో అతికించి పంపుకున్నాను, అందుకే బేస్64లో, అంటే ఫైల్‌ని మామూలు అక్షరాలుగా రాసే పద్ధతిలో, ఉంది. బేస్64 అని చెప్పడానికి కమాండ్‌లో మైనస్ చిన్న ఏ పెడితే చదవలేనంది. మెయిల్లోంచి కాపీ చేసినప్పుడు లైన్లన్నీ కలిసిపోయి మొత్తం ఒకే పొడుగు లైను అయిపోయింది మరి. దాంతోపాటు, అంతా ఒకే లైనులో ఉందని చెప్పే మైనస్ పెద్ద ఏ కూడా పెట్టాక వచ్చింది.

నంబరు స్పష్టంగా ఉంది. కింద సాక్షి సంతకాల్లో మా నాన్న సంతకం, పంతొమ్మిదేళ్ళప్పటిది, కొమ్ములూ వంకర్లూ అన్నీ ఇప్పటిలాగే. సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టాం, వచ్చింది, చెల్లి పేరున రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది.

ఆరు ఫైళ్ళనీ కొత్త పద్ధతిలో, పీబీకేడీఎఫ్2 (పాస్‌వర్డ్ నుంచి కీ తయారుచేసే, ఆ వార్నింగ్ చెప్పిన మంచి పద్ధతి) పెట్టి మళ్ళీ ఎన్‌క్రిప్ట్ చేశాను. పక్కనే మామూలు టెక్స్ట్ ఫైల్ ఒకటి, అందులో వాడిన వెర్షనూ పూర్తి కమాండూ, పాస్‌వర్డ్ మాత్రం లేదు. ప్రింట్లు చెల్లి ఇంట్లో, మేడ మీద. అమ్మకి ఇదంతా చెప్తే మొత్తం విని "అయితే గేదె పేరు నువ్వు మొదట రాసిందే కరెక్టా" అంది. కరెక్టేనమ్మా అన్నాను. కే ఎస్ హెచ్చే.