సరిహద్దుకి ఇటువైపు

2022లో నాకు ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. అదే ఏడాది మా వదినకీ అదే జబ్బు. మాది పర్లాకిమిడి, ఆమెది పాతపట్నం. ఆటో ఎక్కితే పోయేంత దూరమే, కాకపోతే మాది ఒడిశా, వాళ్లది ఆంధ్ర.

ఇద్దరం విశాఖలో ఒకే ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకున్నాం. మామోగ్రామ్, సూది బయాప్సీ చకచకా అయిపోయాయి. క్యాన్సరే అన్నారు. "గడ్డ చిన్నదేనమ్మా, రొమ్మంతా తీయక్కర్లేదు. గడ్డ వరకూ తీసి రేడియేషన్ ఇస్తాం" అని డాక్టరు ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు. తర్వాత కౌంటరులో కార్డు అడిగారు. వదినకి ఆరోగ్యశ్రీ ఉంది. అప్పటి ఒడిశా ప్రభుత్వ ఆరోగ్య పథకం బిజూ స్వాస్థ్య. నా ఆ కార్డులో ఆడవాళ్లకి ఏడాదికి 10 లక్షల దాకా ఉన్నా, ఆ ఆసుపత్రిలో అది చెల్లదన్నారు. చేతి డబ్బుతో చేయించుకునే తాహతు మాకు లేదు.

ఒడిశాలోనే పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళ్లాను. అక్కడి సర్జన్ దాచకుండా చెప్పాడు. "గడ్డ వరకూ తీయొచ్చు. కానీ తర్వాత వారాల తరబడి రోజూ రేడియేషన్‌కి రావాలి. మిషన్ దగ్గర చాలామంది ఉన్నారు. ఈ ఊళ్లో గది తీసుకుని ఉండగలవా?" మా జిల్లాలో ఆ మిషన్ లేదు. పిల్లలు చిన్నవాళ్లు, మా ఆయన కొట్టు మూస్తే ఇల్లు గడవదు. తీసేయమన్నాను. జబ్బు ముదిరి కాదు, మిషన్ దూరమై నా రొమ్ము పోయింది. ఆపరేషన్ మాత్రం చక్కగా చేశాడు, ఆయన మీద నాకే కోపమూ లేదు. కుట్ల దగ్గర్నుంచి వేలాడే, లోపల ఊరే నీరు చేరే డ్రెయిన్ డబ్బా పెట్టుకోడానికి మా అత్తగారు పాత చీర చింపి చిన్న సంచి కుట్టి నా మెడలో వేశారు.

అసలు ఆలస్యం ఐహెచ్‌సీ అనే కండ ముక్క పరీక్ష దగ్గర జరిగింది. ఏ మందు పనిచేస్తుందో ఆ పరీక్షే చెప్పాలి. ఆ ప్రభుత్వాసుపత్రిలో అవదు, బయట చేయించుకోమన్నారు. నా కండ ముక్క ఉన్న మైనపు బిళ్లని మా ఆయన ప్లాస్టిక్ కవరులో చుట్టి జేబులో పెట్టుకుని ల్యాబుకి తీసుకెళ్లాడు. వదిన రిపోర్టు అప్పటికే వచ్చేసింది. నాది వచ్చేదాకా రాత్రిళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. హెర్2 పాజిటివ్ అని వచ్చింది, అంటే హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉన్న రకం క్యాన్సర్. దానికి కీమోతో పాటు ట్రాస్టుజుమాబ్ అనే సూది మందు, మూడు వారాలకోసారి, ఏడాది పాటు. ఆ ఖరీదైన సూదికి కార్డులో మంజూరు కోసం మళ్లీ ఎదురుచూపులు.

కీమో మాత్రం మా జిల్లా ఆసుపత్రిలోనే, పైసా తీసుకోకుండా ఎక్కించారు. ఆ నర్సమ్మల చేతి చలవ మరిచిపోలేను. సూదుల కోర్సు పూర్తయింది, ఆ సూది గుండె మీద పడొచ్చని చేసే ఎకో పరీక్షలో గుండె బాగుందన్నారు. వదినా బాగుంది.

ఇప్పుడు మా వీధి ఆశా కార్యకర్త దీదీ ఎవరికైనా గడ్డ ఉందని చెబితే నేనూ వెంట వెళ్తున్నాను. బయాప్సీ రాసిన రోజే ఐహెచ్‌సీ కూడా రాయించుకోమని, మైనపు బిళ్ల ఎక్కడుందో కనుక్కోమని, కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందే అడగమని చెబుతున్నాను.